వేరుశనగ పైరును వైరస్ పట్టు విధము
(రైతుల సభలో చదువబడిన ఉపన్యాసము)



వేరుశనగ పైరునకు వచ్చు వైరస్ తెగుళ్ళను గురించి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతులను మీకు తెలిసిన మాటలలో చెప్పవలసినదిగా నన్ను కోరియున్నారు. నేను శాస్త్రజ్ఞుడను గాను. రెవిన్యూ శాఖలో కాగితములను ఒక భాషనుండి మరియొక భాషలోనికి తర్జుమా చేయుట నా వృత్తి. అయినను ఈ విషయమును చదివిన కొలదిని, మొక్కలో వైరస్ నడిపించు వ్యవహారము కచ్చేరీలో దొంగకాగితము నడిపించు వ్యవహారమునకు మిక్కిలి దగ్గరగా నున్నట్లు తోచినది. కావున ఆ పోలికతోనే మనవి చేసెదను. సంగతి తెలిసిన పిమ్మట చేయవలసిన పని యేదియో, ఎక్కడ చేయవలెనో మీకే బోధపడును.

జరిగిన నష్టము

2000 సంవత్సరపు వానకారులో అనంతపురము జిల్లాలో వేరుశనగ పైరును ఒక తెగులు పట్టెను. రమారమి 2,25,000 హెక్టార్లు, అనగా ఐదున్నర లక్షల యెకరముల పైరు దాని పాలయ్యెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. లేత ఆకులపై మచ్చలు పుట్టెను. ఆకుకాడలును కాండమును మాడినట్లు నల్లబడి యెండెను. లేతవయస్సున తెగులు తగిలిన మొక్కలు చచ్చెను. ముదిరిన పిమ్మట తగిలిన మొక్కలు కొన్ని బ్రతికినను వాని కాయలపై సైతము మచ్చలు కానవచ్చెను.

చూపునకు ఇది మన ప్రాంతములలో వెనుకటినుండి తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులును బోలియుండెను. కాని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమున పరీక్షింపగా ఇది వేరొక వైరసని తేలెను. దానికి టొబాకో స్ట్రీక్ వైరస్ అని పేరు. ఈ తెగులును కాండము కుళ్ళు అని వ్యవహరించుచున్నారు. రెండు తెగుళ్ళును ఒకే తీరున కనబడుచుండగా ఈ భేదముతో రైతునకేమి పని యని మీరడుగవచ్చును. ఆ భేదములోనే మనకు కావలసిన ఉపాయము కలదు. దానిని చెప్పుటకు ముందు వైరస్ అనగా నేమో తెలిసికొనవలెను.

వైరస్ అనగా నేమి?

1892లో రష్యాదేశీయుడగు ఇవనోవ్‌స్కీ తెగులు తగిలిన పొగాకు మొక్కల రసమును తీసి, పింగాణి వడపోత గొట్టములో వడగట్టెను. అప్పటికి తెలిసిన సూక్ష్మజీవులన్నియు ఆ గొట్టములో చిక్కుకొనును. అట్లు వడగట్టిన రసమును మంచి మొక్కకు రాచినను ఆ మొక్కకు తెగులు తగిలెను. అనగా ఆ సూక్ష్మజీవులకంటెను చిన్నదగు వస్తువొకటి రసములో నున్నదన్న మాట. 1898లో హాలెండు దేశమునందు బైజరింక్ అను పండితుడు, ఈ వస్తువు జీవమున్న మొక్కలోనే వృద్ధి పొందునుగాని విడిగా వృద్ధి పొందదని చెప్పి, దానిని వైరస్ అని పిలిచెను. లాటిన్ భాషలో ఆ మాటకు విషమని యర్థము. 1935లో అమెరికాలో స్టాన్లీ అను రసాయన శాస్త్రజ్ఞుడు పొగాకు వైరసును కలకండ పలుకులవలె గట్టిపరచి చూపెను. ఇందుకై 1946లో ఆయనకు నోబెల్ బహుమానము నొసగిరి.

పలుకులుగా గట్టిపడు వస్తువు ఉప్పువంటిదా, ప్రాణివంటిదా యని సంశయము కలుగును. వైరసునకు నోరు లేదు, కడుపు లేదు, ఊపిరి లేదు. అది లకోటాలో పెట్టిన ఉత్తరము వంటిది. లోపలి ఉత్తరము ఆర్.ఎన్.ఏ. అను పదార్థము, పైనున్న లకోటా మాంసకృత్తులతో నల్లినది. కాండము కుళ్ళు కలిగించు వైరస్ ఎంత చిన్నదనగా, ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందు ముప్పది భాగముల వెడల్పు మాత్రమే యుండును. ఉత్తరము ఎంత దుష్టమైనదైనను పెట్టెలో నున్నంతవరకు ఏమియు చేయజాలదు. దానిని విప్పి అందులోని యాజ్ఞను నడిపించు కచ్చేరీ యొకటి కావలెను. ఆ కచ్చేరియే మొక్కలోని జీవకణము.

మొక్కలో ప్రవేశించుట

మనుష్యులకును పశువులకును తగులు వైరసులు జీవకణపు పైపొరను పట్టుకొని, ఆ కణముచేతనే లోనికి చేర్చుకొనబడును. మొక్కల జీవకణములకు గట్టి గోడ యున్నది. ఆ గోడను వైరస్ తనంత తాను దాటలేదు. ఎవరైనను కన్నము వేయవలెను. ఆ కన్నము వేయునవి ముఖ్యముగా రసము పీల్చు పురుగులు. వేరుశనగలో ఈ పని తామర పురుగులది. ఇవి మిల్లీమీటరు మాత్రమే పొడవుండి, ముడుచుకొనియున్న లేత ఆకులలోను పూవులలోను దాగియుండును. ఆకును గీకి, కారిన రసమును పీల్చుట వీని స్వభావము. ఆ గీటే వైరసునకు ద్వారము.

లోనికి వచ్చిన పిమ్మట లకోటా విడిపోవును, ఉత్తరము బయటపడును. ప్రతి జీవకణములోను రైబోసోములను చిన్న యంత్రములు కలవు. మొక్క తన పనులకై వ్రాసికొను ఆజ్ఞలను చదివి, వానిని మాంసకృత్తులుగా మార్చుట వాని పని. నా వృత్తియు వాని వృత్తియు ఒకటే. ఒక లిపిలో నున్నదానిని మరియొక రూపములోనికి మార్చుట. చేతికి వచ్చిన కాగితము ఎవరు పంపినది, సంతకము నిజమైనదా యని విచారింపక తర్జుమా చేయు గుమాస్తా వంటివి రైబోసోములు. అవి వైరస్ ఉత్తరమును గూడ చదివి అందులో చెప్పినట్లు చేయును. మొదటి యాజ్ఞ, నకళ్ళు తీయు యంత్రమును తయారు చేయుమని. ఆ యంత్రము సిద్ధమైనంతనే ఉత్తరమునకు వేలకొలది నకళ్ళు బయలుదేరును. పిమ్మట లకోటాలు తయారగును. నకళ్ళు లకోటాలలో చేరి క్రొత్త వైరసులగును.

కాండము కుళ్ళు వైరసులో మరియొక విచిత్రము కలదు. దాని ఉత్తరము ఒకే కాగితముమీద లేదు. మూడు కాగితములుగా నుండి, వేరు వేరు లకోటాలలో ప్రయాణము చేయును. మూడును చేరిననే గాని తెగులు పుట్టదు. అంతేకాదు. ఆ మూడు కాగితములకును లకోటాలోని మాంసకృత్తు కొంచెమైనను అంటియుండవలెను. అది లేనిచో కాగితములు లోనికి వచ్చియు పని మొదలు పెట్టజాలవు. ముద్ర లేని హుకుము కచ్చేరీలో చెల్లని విధముగా నున్నది కదా!

ఒక కణములో నిండిన పిమ్మట వైరస్ ప్రక్క కణములోనికి పోవును. మొక్కలో ఒక కణమునుండి మరియొక కణమునకు సన్నని సందులు కలవు. వైరస్ చేయించుకొన్న మాంసకృత్తు ఒకటి ఆ సందులను వెడల్పు చేసి దారి నిచ్చును. తరువాత ఆహారరసము ప్రవహించు నాళములను చేరి, ఆ ప్రవాహముతో లేత చిగుళ్ళకు పోవును. తెగులు మొదట లేత భాగములలో బయటపడుటకు ఇది యొక కారణము.

మొక్క చేయు ప్రతిఘటన

మొక్క చేతులు ముడుచుకొని కూర్చుండునని తలపరాదు. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బౌల్‌కూంబ్ అను శాస్త్రజ్ఞులు, మొక్కలు వైరసు నెదుర్కొనునప్పుడు వాని జీవకణములలో ఆ ఉత్తరమునకు సరిపోవు చిన్న చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలుండుట కనిపెట్టిరి. వైరస్ నకళ్ళను మొక్క కత్తిరించును. ఆ తునకలను గురుతుగా నుంచుకొని, అట్టి వ్రాత మరల ఎక్కడ కనబడినను దానిని నరకును. కాని పెక్కు వైరసులు ఈ కత్తెరను పని చేయనీయని మాంసకృత్తులను తయారుచేయించుకొనును.

మొక్కకు మరియొక ఉపాయము కలదు. ఒక గడ్డివామికి నిప్పంటుకొన్నచో ప్రక్కవామిని మనమే లాగివేయుదుము గదా! అట్లే కొన్ని మొక్కలు వైరస్ దిగిన చోట తమ కణములను తామే చంపుకొని దానిని కట్టడి చేయును. వైరస్ ఆ హద్దును దాటి ముందునకు పోయినచో ఆ చావు ఆకునుండి కాడకును, కాడనుండి కాండమునకును వ్యాపించి, మొక్క మొత్తమును చంపవచ్చును.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. వైరస్ పనియంతయు మొక్కయొక్క సొంత గుమాస్తాల చేతనే జరుగుచున్నది. గుమాస్తాలను చంపక దొంగకాగితమును మాత్రము నిలుపు మందు రైతునకు అందుబాటులో లేదు. బూజు తెగుళ్ళకు వాడు మందులు దీనికి పని చేయవు. పైరు మాడిన పిమ్మట అంగడికి పోయి తెచ్చు మందుకు పెట్టిన సొమ్ము వ్యర్థము. ఉత్తరము కచ్చేరీకి రాకముందే అడ్డగించుట యొకటే మార్గము.

రెండు తెగుళ్ళు, రెండు దారులు

ఇక మొవ్వుకుళ్ళునకును కాండము కుళ్ళునకును గల భేదమును చెప్పెదను. రెంటికిని తామర పురుగులే కారణములు. కాని వైరస్ ప్రయాణము చేయు తీరు వేరు.

మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు శరీరములోనే నివసించును. పురుగు పిల్లగా నున్నప్పుడు తెగులు మొక్కను తినవలెను. అప్పుడు వైరస్ దాని కడుపులో ప్రవేశించి, అక్కడను వృద్ధి పొంది, పురుగు పెద్దదై రెక్కలు వచ్చిన పిమ్మట అది వ్రాలిన మొక్కకెల్ల అంటును. ఈ వైరసునకు దాయాదియైన టొమాటో వైరసుమీద కాలిఫోర్నియాలో జరిపిన పరిశోధన యొకటి 2011లో ప్రకటింపబడినది. వైరస్ పట్టిన మగ తామర పురుగులు, పట్టనివానికంటె మూడు రెట్ల వరకు హెచ్చుగా ఆకులను గుచ్చి చూచుచుండెనని అందు తేలినది. అనగా వైరస్ తన వాహనముయొక్క నడవడిని గూడ తనకు లాభించునట్లు మార్చుచున్నది.

కాండము కుళ్ళు వైరస్ అట్లు గాదు. అది పురుగు శరీరములో కాపురముండదు. అది యుండునది పుప్పొడిలో. ఎవరి పుప్పొడి? వేరుశనగది కాదు, మన గట్లమీదను, బండిబాటల వెంటను, బీళ్ళలోను తెల్లని పూవులతో విరగబూయు వయ్యారిభామది. ఈ కలుపునకు వైరస్ సోకినను రోగచిహ్నము లేవియు కనబడవు. పచ్చగా, ఏపుగా పెరుగుచునే యుండును. తామర పురుగులు దాని పూవులలో దూరి, ఒడలికి పుప్పొడి నంటించుకొని వేరుశనగమీద వ్రాలును. గాలియు ఆ పుప్పొడిని ఆకులమీదికి తెచ్చును. పురుగు ఆకును గీకినప్పుడు పుప్పొడిలోని వైరస్ ఆ గాయములో పడును. తెగులు తగులుటకు పుప్పొడియు పురుగును రెండును కావలెనని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల ప్రయోగములవలన తెలియుచున్నది.

దీనినుండి మూడు ఫలితములు కలుగుచున్నవి. మొదటిది: వేరుశనగ పూవు తనలో తానే ఫలదీకరణము పొందునది, దాని పుప్పొడి బయట వెదజల్లబడదు. కనుక తెగులు మొక్కనుండి ప్రక్క మొక్కకు కాండము కుళ్ళు వ్యాపించుట మిక్కిలి తక్కువ. తెగులు మొక్కలను పీకి పారవేసినందువలన విశేష లాభము లేదు. చేనిలో ఖాళీలు మాత్రము మిగులును. రెండవది: పరీక్షించిన వేరుశనగలో విత్తనముద్వారా ఈ వైరస్ సంక్రమించుట కానరాలేదు. విత్తనమును నిందింప బనిలేదు. మూడవది: మరుసటి సంవత్సరమునకు వైరసును దాచియుంచునది వయ్యారిభామయే. ఆ కలుపు విత్తనములలో సైతము వైరస్ నిలిచి, మొలిచిన మొక్కకు వచ్చుచున్నదని ఆస్ట్రేలియాలో జరిపి 2009లో ప్రకటించిన పరిశోధనవలన తెలిసినది.

ఈ వయ్యారిభామ మన దేశపుది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. అటుపిమ్మట దేశమంతట వ్యాపించినది. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. పశువులు దీనిని సాధారణముగా తినవు. తాకినవారికి దురదయు, పుప్పొడి పీల్చినవారికి ఆయాసమును కలుగుటయు కలదు. తొలకరి జల్లులకే మొలచి, నెల పైబడునప్పటికి పూవు పట్టును. రైతు వేరుశనగ విత్తి, మొలకను చూచి సంతోషించు వేళకు గట్టుమీద ఇది పుప్పొడితో సిద్ధముగా నుండును.

ఇది యెవరి పని?

ఇక్కడ నాకు తెలిసిన రెవిన్యూ సంగతి యొకటి చెప్పుటకు సెలవిండు. సర్వే పటములో ప్రతి చేనికిని హద్దులున్నవి. ఇది పట్టా భూమి, ఇది పోరంబోకు, ఇది బండిబాట యని వ్రాసియుండును. తామర పురుగు ఆ పటమును చదువదు. గట్టుమీది కలుపు ఎవరిదని యడిగినచో, ఇటువైపు రైతు అటువైపు వానిదనును. అటువైపు వాడు సర్కారుదనును. పట్టాదారు, భూమి కౌలునకిచ్చితిని గనుక కలుపు కౌలుదారునిదే యనును. కౌలుదారు, నేను విత్తిన సాళ్ళలోని కలుపు నాదిగాని గట్టు దొరగారిదనును. అందరును తమ వాదము గెలిచినట్లే యెంచుకొందురు. పైరు మాత్రము పోవును.

ఒక రైతు తన చేనిలో ఒక్క వయ్యారిభామ మొక్కయు లేకుండ చేసినను, ప్రక్క బీడులో అది పూచినచో ఆతని శ్రమ సగము వ్యర్థము. కాబట్టి ఇది ఒక్కరి వ్యవసాయపు పని కాదు. చెరువు పూడిక తీయుట వంటి ఊరుమ్మడి పని. భూమిగల మీరు ముందు నడిచిననే గాని కౌలుదారులును కూలివారును ముందునకు రారు. గట్టు కలుపు తీయించు కూలి పట్టాదారు భరించుటయో, కౌలులో మినహాయించుటయో ముందుగానే నిర్ణయించుకొన్నచో తగవు రాదు. ఐదున్నర లక్షల యెకరములు మాడిపోయిన సంవత్సరముతో పోల్చిచూచిన ఈ కూలి ఎంత?

చేయదగిన పనులు

1. తొలకరి వాన పడిన నాటినుండి వయ్యారిభామను పూవు పట్టకముందే వేళ్ళతో పెరికివేయవలెను. చేతులకు తొడుగులుగాని గుడ్డలుగాని చుట్టుకొనవలెను. పూచిన మొక్కలను చేని మీదుగా ఈడ్చుకొని పోరాదు.

2. గట్లు, బండిబాటలు, బీళ్ళు, బావిగడ్డలు, బడి ఆవరణములు అన్నియు ఊరివారందరును కలిసి ఒకే వారములో శుభ్రపరచవలెను. వానలు కొనసాగినకొలది మరల మొలచును గనుక ఒకసారితో సరిపెట్టరాదు.

3. వేరుశనగ విత్తునప్పుడే చేని చుట్టును జొన్నగాని సజ్జగాని నాలుగు వరుసలకు తక్కువగాక దట్టముగా విత్తవలెను. గాలివెంట వచ్చు తామర పురుగులలో కొన్ని అక్కడనే ఆగిపోవును.

4. ప్రొద్దుతిరుగుడు పైరునకును ఈ వైరస్ సోకును. దాని పూవులలోను పుప్పొడి పుష్కలముగా నుండును. వేరుశనగ ప్రక్కన దానిని వేయకుండుట మేలు.

5. విత్తనము పలుచగా చల్లరాదు. పలుచని చేనిలో మొవ్వుకుళ్ళు హెచ్చుగా కనబడును. దట్టముగా నేల కప్పిన పైరునకు అది తక్కువ.

6. తొలిదినములలో తామర పురుగులను అదుపులో నుంచుటకు విత్తనశుద్ధి మందులు కలవు. మందు పేరును మోతాదును వ్యవసాయాధికారి నడిగి వాడవలెనుగాని అంగడివాని మాటపై వాడరాదు.

7. వయ్యారిభామ ఆకులను తిను మెక్సికో దేశపు పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. అది ఇప్పుడు పలుచోట్ల స్థిరపడినది. వానకాలములో ఆ కలుపుమీద అది కనబడినచో చంపకుడు. కాని దానిమీదనే భారము వేసి ఊరకుండరాదు.

8. తెగులు కనబడినంతనే అది మొవ్వుకుళ్ళో, కాండము కుళ్ళో తెలిసికొనవలెను. లేత ఆకులపై వలయములవంటి మచ్చలు పుట్టి, మొవ్వు ఎండి, మొక్క గిడసబారి ప్రక్కనుండి చిన్న చిన్న పిలకలు వచ్చినచో మొవ్వుకుళ్ళని యనుమానింపవచ్చును. ఆకుకాడలును కాండమును త్వరత్వరగా నల్లబడి మాడినచో కాండము కుళ్ళని యనుమానింపవచ్చును. నిశ్చయము పరీక్షవలననే కలుగును గనుక మొక్కను వ్యవసాయాధికారులకు చూపవలెను.

వైరస్ పట్టని విత్తనములే తయారు చేయరాదా యని కొందరడుగుదురు. అట్టి ప్రయత్నము వ్యర్థము కాదు. హవాయి దీవులలో బొప్పాయి తోటలను వైరస్ నాశనము చేయుచుండగా, వైరస్ ఉత్తరములోని యొక ముక్కను బొప్పాయి మొక్కలోనే చేర్చి, మొక్క దానిని ముందుగానే గుర్తుపట్టి నరుకునట్లు చేసిరి. ఆ విత్తనములను 1998లో అక్కడి రైతులకిచ్చిరి, తోటలు నిలిచినవి. కాండము కుళ్ళును అట్లు ఆపు వేరుశనగ విత్తనము మన రైతులకు ఇంకను అందలేదు. అది అందువరకు పని చేయవలసినది మనమే.

నేను చెప్పినదానిలో మీకు సంశయములున్నచో ఇప్పుడే యడుగుడు. సభలోనున్న వ్యవసాయాధికారులు సమాధానము చెప్పుదురు. ఈ కరపత్రమును చదువనేర్చినవారు చదువరాని వారికి చదివి వినిపింపవలెనని ప్రార్థించుచున్నాను. ఈ సంవత్సరము తొలకరి పడిన వారము దినములకు, చేనిలోనికి దిగుటకు ముందు, గట్టుచుట్టు ఒకసారి తిరిగి చూడుడు.